మన మానుకోట పాటల కవి దాశరథి



ఈ నెల మహనీయుల జీవితాలు అనే శీర్షిక నా వంతుకు వచ్చింది. పోయిన నెల జనగామ తమ్ముడు బమ్మెర పోతన గురించి రాసిండు, చాలా బాగుంది. నేను పాత సినిమా పాటల రికార్డుల గురించి రాస్తానంటే తెలుగు సార్ ముందు ఒప్పుకోలేదు. ఇది మహనీయుల శీర్షిక, సినిమా శీర్షిక కాదు అన్నరు. అప్పుడు నేను ఆ పాటలు రాసినాయన పేరు చెప్పిన. సార్ కొద్దిసేపు ఏమీ అనలేదు. తర్వాత బీరువా తీసి రెండు డ్రాయింగు షీట్లు ఎక్కువ ఇచ్చిండ్రు. అందుకే ఈసారి వ్యాసం కొంచెం పొడుగు. మధ్యల భోజనం గంట కొడితే తిని వచ్చి మిగతాది చదవండి, కానీ సగంల మాత్రం వదిలిపెట్టకండి.

ముందు మా తాత గురించి నాలుగు మాటలు చెప్పాలె. ఎందుకంటే ఈ కథ నాకు ఆయన పెట్టెలోనే దొరికింది.

మాది మానుకోట దిక్కు ఒక తండా. మా తాత దగ్గర ఒక రేకు పెట్టె ఉంది. దాంట్ల పాత రికార్డులు 11 ఉండె. ఇప్పుడు 10 ఉన్నయి. ఆ ఒక్కటి ఏమైందో చివర్ల చెప్తా. అది నా తప్పే.

తాత బడికి పోలేదు. పదిహేనేళ్ల వయసుల మానుకోటల ఒక మైకుసెట్టు షాపుల పనికి కుదిరిండు. పెండ్లిళ్లకు, జాతరలకు మైకుసెట్టు పోతే బ్యాటరీ మోసుడు, వేపచెట్టెక్కి బూర కట్టుడు, రికార్డు మిషనుకు కీ ఇచ్చుడు, ముల్లు మార్చుడు ఆయన పని. అప్పట్ల మా తండాకు కరెంటు లేదు. చెట్టు మీద బూరలకెల్లి పాట వినపడ్డదంటే ఆ దిక్కు పెండ్లి ఉన్నదని చుట్టుపక్కల నాలుగు తండాలకు తెలిసేదట. క్యాసెట్లు వచ్చినంక రికార్డులు ఎవరికీ అక్కర లేకుంట పోయినయి. షాపాయన అవి తాతకు ఇచ్చేసిండు. తాతకు అక్షరాలు రావు కాబట్టి ఒక్కో రికార్డు నడిమి కాగితం మీద ఒక్కో గుర్తు పెట్టుకున్నడు. ఒకదానికి కుంకుమ బొట్టు, ఒకదానికి రెండు గీతలు, ఒకదానికి చిన్న చెట్టు బొమ్మ. గుర్తు చూసి ఏ పాటనో చెప్పేస్తడు.

ఈ తరం వాళ్లకు రికార్డు అంటే తెలియదు కాబట్టి వివరంగా రాస్తున్నాను. అది నల్లని పళ్లెం లాగ ఉంటుంది. అడ్డంగా కొలిస్తే 10 అంగుళాలు. నిమిషానికి 78 సార్లు తిరుగుతుంది. ఒక్కో పక్క మూడు నిమిషాల పైచిలుకు పాట పడుతుంది, అంతే. అందుకే పాత పాటలు చాలా వరకు ఆ కొలతకే ఉంటాయి. పళ్లెం మీద సన్నని గీత ఒకటి చుట్టలు చుట్టుకొని లోపలికి పోతుంది. ముల్లు ఆ గీతలో నడుస్తూ వణుకుతుంది. ఆ వణుకే పాటగా బయటికి వస్తుంది. హెచ్.ఎం.వి. కంపెనీ రికార్డుల మీద బూర ముందు కూర్చున్న కుక్క బొమ్మ ఉంటుంది. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో వాళ్ల ఫ్యాక్టరీ ఉండేది.

ఇంకొక సంగతి వింటే మీరు ఆశ్చర్యపోతారు. ఆ పాత రికార్డులు ప్లాస్టిక్‌తో చేసినవి కావు. వాటిల్ల ముఖ్యమైన సరుకు లక్క. రాతిపొడి, నల్లరంగు, నూలుపోగుల వంటివి కలిపి దాన్ని పళ్లెంగా అచ్చు వేసేవాళ్లు. లక్క అంటే లక్క పురుగులు కొమ్మలకు పట్టుకొని తయారు చేసే బంక. మోదుగు, రేగు చెట్ల మీద ఆ పురుగులు బతుకుతాయి. మన దేశంలో లక్క ఎక్కువగా చోటానాగపూర్ అడవుల నుంచి వస్తుంది. అక్కడ కొమ్మల మీది లక్క గీకి అంగడికి తెచ్చేది మనసొంటి ఆదివాసులే. అంటే పట్నంల పాడిన పాటను మోసుకొని తిరిగింది అడవి చెట్టు బంక. ఈ ముక్క సైన్సు సార్ చెప్పిండ్రు, వారికి కృతజ్ఞతలు.

ఇక అసలు విషయం. ఒక ఆదివారం వార్డెన్ సార్ రేడియోల పాత పాటలు వస్తున్నయి. మేం వరండాల బట్టలు ఆరేస్తున్నం. మూగమనసులు సినిమాల గోదారి గట్టు మీద పాట వచ్చింది. అది తాత పెట్టెల చెట్టు బొమ్మ రికార్డు. ఆ పాటల చెట్టు ఉన్నది కాబట్టి తాత ఆ గుర్తు పెట్టిండు. పాటకు ముందు అనౌన్సర్ పేర్లు చదివిండు. పాడింది పి.సుశీల, సంగీతం కె.వి.మహదేవన్, రచన దాశరథి. నేను ఎన్నడూ రచన అనే మాట పట్టించుకోలేదు. సోషల్ సార్ అటు పోతూ ఆగి, దాశరథి మీ దిక్కు మనిషే, చిన్నగూడూరు ఆయన ఊరు అన్నరు. నా చేతిలో తడి చొక్కా అట్లనే ఉండిపోయింది. చిన్నగూడూరు మా తండాకు దగ్గరే. తాత ఎడ్లబండి మీద మైకుసెట్టు తీస్కొని ఆ ఊరికి ఎన్నిసార్లు పోయిండో లెక్క లేదు.

అప్పటి నుంచి లైబ్రరీల దొరికింది చదివి, సార్లను అడిగి ఈ జీవిత కథ రాసుకున్నాను.

దాశరథి పూర్తి పేరు దాశరథి కృష్ణమాచార్యులు. 1925 జులై 22న చిన్నగూడూరులో పుట్టారు. తండ్రి వేంకటాచార్యులు, తల్లి వెంకటమ్మ. అప్పుడది వరంగల్ జిల్లా. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు చిన్నగూడూరు మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. జనగామ, భూపాలపల్లి కూడా ఆ రోజే వేరు జిల్లాలైనయి. అంతకు ముందు మనమందరం వరంగల్ వాళ్లమే. కాబట్టి ఆయన ఒక్క మానుకోట పిల్లలకే కాదు, మూడు జిల్లాల పిల్లలకూ స్వంతమే. దాశరథి అనేది వాళ్ల ఇంటి పేరు. దశరథుని కొడుకు అని దాని అర్థం. మనం ఆరో తరగతిలో పద్యాలు బట్టీ పట్టిన దాశరథీ శతకం వేరు. అది భద్రాచల రామదాసు రాసింది. పరీక్షల రెండూ కలిపి రాసి మార్కులు పోగొట్టుకోకండి. నేను పోగొట్టుకున్న.

వాళ్లది వైష్ణవ పండితుల ఇల్లు. తండ్రికి సంస్కృతం బాగా తెలుసు. కృష్ణమాచార్యులు చిన్నతనంలోనే పద్యం అల్లడం నేర్చుకున్నారు. అయితే బడిలో చదువు మాత్రం ఉర్దూలో. అప్పుడు మన ప్రాంతం హైదరాబాద్ నిజాం రాజ్యంలో ఉండేది. కచ్చేరీలో ఉర్దూ, పెద్ద బడిలో ఉర్దూ, 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో కూడా ఉర్దూనే. ఇంట్లో మాట్లాడే తెలుగుకు బడిలో చోటు లేదు. ఆయన ఖమ్మంలో చదివి, ఉర్దూలో మెట్రిక్ పాసయ్యారు. తర్వాత ఉస్మానియాలో ఇంగ్లీషు సాహిత్యం తీసుకొని బి.ఎ. చేశారు.

మిత్రులారా, ఇక్కడ నా సంగతి కొంచెం చెప్తా. మా ఇంట్ల మేం మాట్లాడేది లంబాడి భాష. అమ్మను యాడి అంటం. కోయ పిల్లలు వాళ్లింట్ల కోయ మాట్లాడుతరు. బడికి వచ్చినంక తెలుగు, ఇప్పుడు ఇంగ్లీషు మీడియం. ఏడో తరగతిల నేను ఇంకో బడిల ఉన్నప్పుడు ప్రార్థన దగ్గర వార్తలు చదవమన్నరు. నాకు కొన్ని అక్షరాలు తిరగలేదు. ముందు వరస నుంచి చివరి వరస దాక నవ్విండ్రు. ఆ రోజు నుంచి నేను క్లాసుల లేచి చదవలేదు. ఇక్కడికి వచ్చినంక కూడా అట్లనే ఉన్న. పోయిన దసరా సెలవులకు పోయేటప్పుడు మళ్ల రావద్దు, మా బా తోని మిర్చి తోటల పనికి పోవాలె అనుకొని పెట్టె మొత్తం సర్దుకొని పోయిన. ఈ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్న.

దాశరథి గారిది కూడా ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి. ఆయన ఏం చేశారో చూడండి. ఇంటి తెలుగును వదల్లేదు. బడి ఉర్దూనూ వదల్లేదు. సంస్కృతం, ఇంగ్లీషు కూడా నేర్చుకున్నారు. ఉర్దూ మాట్లాడే రాజును ఎదిరించారు గానీ ఉర్దూను పగ పట్టలేదు. గాలిబ్ అని ఢిల్లీలో ఉన్న పెద్ద ఉర్దూ కవి, 1869లో చనిపోయారు. ఆయన కవితలను దాశరథి తెలుగు చేసి 1961లో గాలిబ్ గీతాలు అనే పుస్తకంగా తెచ్చారు. బొమ్మలు బాపు వేశారు. మన లైబ్రరీల రెండో బీరువాల కింది అరల ఉంది, చూడండి.

ఇప్పుడు ఆయన పోరాటం గురించి.

ఆ రోజుల్లో ఊర్ల మీద దొరలదే పెత్తనం. వెట్టిచాకిరీ చేయాలె. జనగామ తాలూకాలో జనం తిరగబడ్డారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు చనిపోయారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను కాపాడుకుంది. ధర్మాపురం తండాలో మన జాటోతు ఠాను దొరల మీద నిలబడి ప్రాణం ఇచ్చారు. ఇవన్నీ జనగామ మిత్రుల ఊర్లే, వాళ్లకు తెలిసిన కథలే. అదే కాలంలో యువకుడైన దాశరథి నిజాం ప్రభుత్వం మీద పద్యాలు రాశారు. మొదట కమ్యూనిస్టు పార్టీలో ఉండి, రెండో ప్రపంచ యుద్ధం సమయంలో వాళ్ల విధానం నచ్చక బయటికి వచ్చారు. కానీ పోరాటం వదల్లేదు. ఆయన మంచి ఉపన్యాసకుడు. ఊరూరా తిరిగి సభల్లో పద్యం చదివితే చదువు రాని వాళ్లు కూడా నిలబడి వినేవాళ్లు.

1944లో ఓరుగల్లు కోటలో తెలుగు సాహిత్య సభ పెట్టారు. సభ జరగకుండా పందిరిని తగలబెట్టారు. అయినా కవులు వెనక్కి పోలేదు. ఆ కాలిన చోటనే కవి సమ్మేళనం జరిపారు. దాశరథి అక్కడ తన పద్యాలు చదివారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. మన ఇంటర్ అన్నల కన్న రెండు మూడేళ్లు పెద్ద, అంతే.

1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. మన ప్రాంతానికి రాలేదు. నిజాం తన రాజ్యాన్ని భారతదేశంలో కలపనన్నాడు. ఎదిరించిన వాళ్లను జైళ్లలో పెట్టారు. దాశరథిని కూడా పట్టుకున్నారు. వరంగల్ జైల్లో కొంతకాలం ఉంచి నిజామాబాద్ జైలుకు మార్చారు. అది గుట్ట మీది పాత ఖిల్లాలో ఉన్న జైలు.

జైల్లో ఆయనకు కాగితం లేదు, కలం లేదు. పొద్దున పండ్లు తోముకోవడానికి బొగ్గు ఇచ్చేవాళ్లు. భూపాలపల్లి మిత్రులారా, ఇది మీ గని బొగ్గు కాదు, కట్టె బొగ్గు. ఆయన ఆ బొగ్గు ముక్కతో జైలు గోడ మీద పద్యాలు రాశారు. రాజు పాలన పోవాలని, గద్దె దిగాలని రాశారు. జైలు వాళ్లు చూసి తుడిపించారు, కొట్టారు. ఆయన మళ్ల రాశారు. వట్టికోట ఆళ్వారుస్వామి గారు కూడా అదే జైల్లో ఖైదీ. ఆయన నల్లగొండ దిక్కు మనిషి. ఊరూరా పుస్తకాలు మోసుకొని తిరిగి అమ్మి, జనానికి చదువు మీద ఇష్టం పెంచిన మహానుభావుడు. గోడ మీది పద్యం తుడిస్తే పోతుంది గానీ విన్నవాళ్లకు నోటికి వచ్చింది పోదు కదా.

మిత్రులారా, ఇప్పుడు మీరు చదువుతున్నది కూడా గోడ పత్రికే. మనకు డ్రాయింగు షీట్లు ఉన్నయి, నాలుగు రంగుల స్కెచ్చులు ఉన్నయి, తప్పు రాస్తే దిద్దే సార్లు ఉన్నరు. రాసినందుకు ఎవరూ కొట్టరు. అయినా మన గోడ పత్రికకు నెల నెలా వ్యాసాలు అడుక్కోవలసి వస్తుందని ఎడిటర్ అన్న బాధపడుతున్నడు. దీని గురించి అందరం ఆలోచించాలె.

1948 సెప్టెంబర్ 17న నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆ తర్వాత 1949లో దాశరథి మొదటి పుస్తకం అగ్నిధార వచ్చింది. 1950లో రుద్రవీణ, 1955లో మహాంధ్రోదయం వచ్చినయి. తెలంగాణను కోటి రత్నాలు పొదిగిన వీణతో పోల్చి ఆయన చెప్పిన మాట అందరికీ తెలుసు. తెలంగాణ ఉద్యమం నడిచినప్పుడు ఆ మాట ఎన్నో ఊర్లల్ల గోడల మీద రాసిండ్రు. ఒకనాడు జైలు గోడ మీద తుడిచేసిన కవి మాట తర్వాత ఊరి గోడల మీదికి వచ్చిందన్న మాట. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం వచ్చింది. అప్పటికి ఆయన లేరు.

కవి కదా, హాయిగా బతికి ఉంటారని అనుకోకండి. ఇల్లు గడవడానికి ఆయన రకరకాల ఉద్యోగాలు చేశారు. పంతులుగా పిల్లలకు చదువు చెప్పారు. పంచాయతీ ఇన్‌స్పెక్టరుగా చేశారు. హైదరాబాద్ ఆకాశవాణిలో చాలా ఏళ్లు పనిచేశారు. తెలంగాణ రచయితల సంఘం పెట్టి దానికి అధ్యక్షులుగా ఉన్నారు.

ఇక మన మైకుసెట్టు సంగతికి వద్దాం. 1961లో ఆయన సినిమాలకు పాటలు రాయడం మొదలైంది. ఆ ఏడాదే వాగ్దానం, ఇద్దరు మిత్రులు సినిమాలు వచ్చినయి. వాగ్దానంలో ఆయన రాసిన ప్రేమ పాటను ఘంటసాల, సుశీల పాడారు. ఇద్దరు మిత్రులులో అక్కినేని నాగేశ్వరరావు రెండు వేషాలు వేశారు. అందులో నవ్వుతూ తుళ్లుతూ పాడే దాశరథి పాట మా తాత పెట్టెల కుంకుమ బొట్టు రికార్డు. పెండ్లి కొడుకు పందిట్లకు వచ్చేటప్పుడు అదే పెట్టాలెనని జనం అడిగేవాళ్లట. నిజాం మీద నిప్పులు కురిసినట్టు రాసిన చెయ్యే ఇంత తేలిక పాట కూడా రాసింది. నేను మొదట నమ్మలేదు, ఇద్దరు దాశరథులు ఉన్నరేమో అనుకున్న.

1964లో మూగమనసులు వచ్చింది. ఆదుర్తి సుబ్బారావు తీసిన సినిమా. గోదారి ఒడ్డున పడవ నడిపేవాళ్ల కథ. అందులో జమున పాడినట్టు ఉండే గోదారి గట్టు పాట దాశరథి రాశారు. పల్లెటూరి పిల్ల మాటలు ఎట్ల ఉంటయో అట్లనే ఉంటయి. సంస్కృతం చదివిన పండితుడు, ఒక్క బరువైన మాట లేకుండా రాశారు. ఆ పాటల వరుసగా ఒకదాని మీద ఒకటి వస్తయి. గట్టు, గట్టు మీద చెట్టు, ఇంకా దాని మీద. చిన్నపిల్లలు ఆడుకునేటప్పుడు పాడుకున్నట్టు ఉంటుంది. అదే ఏడాది అమరశిల్పి జక్కన్నకు కూడా ఆయన పాట రాశారు.

1965లో నాదీ ఆడజన్మే అనే సినిమా వచ్చింది. ఈ సినిమా గురించి నేను ముఖ్యంగా రాయాలె. అందులో సావిత్రి ఒంటి రంగు నలుపు. నల్లగా ఉన్నదని అందరూ ఆమెను తక్కువగా చూస్తారు. ఆమె నల్లని కృష్ణుని ముందు కూర్చొని తన గోడు చెప్పుకునే పాట దాశరథి రాశారు, సుశీల పాడారు. మా తండాల ఆడోళ్లు ఆ పాట వచ్చినప్పుడు పని ఆపి వినేవాళ్లని తాత చెప్పిండు. మన హాస్టల్లో కూడా కొందరు రంగును బట్టి పేర్లు పెడుతున్నరు. ఎవరో నేను రాయను. వాళ్లకే తెలుసు. ఆ పాట ఒక్కసారి వినుమని కోరుతున్నాను.

1966లో బి.ఎన్.రెడ్డి గారి రంగులరాట్నం వచ్చింది. అందులో ఎస్.జానకి పాడిన అర్ధరాత్రి వేంకటేశ్వర స్వామిని తలచుకునే పాట దాశరథిదే. చిన్నప్పుడు తండ్రి దగ్గర విన్న భక్తి ఆ పాటకు పనికి వచ్చిందని తెలుగు సార్ చెప్పిండ్రు. 1975లో పూజ అనే సినిమాకు ఆయన రాసిన జన్మజన్మల బంధం పాటను ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం పాడారు. ఇది ఇప్పటికీ పెండ్లిళ్ల వీడియోలల్ల వస్తూనే ఉంటుంది. మనం ఎన్నోసార్లు విన్నదే. రాసింది మన పక్క ఊరాయన అని మాత్రం మనకు తెలియదు.

సినిమా పాటలు రాస్తూనే ఆయన కవిత్వం వదల్లేదు. 1974లో తిమిరంతో సమరం పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తిమిరం అంటే చీకటి, సమరం అంటే యుద్ధం. 1977 ఆగస్టు 15న ప్రభుత్వం ఆయనను ఆంధ్రప్రదేశ్ ఆస్థాన కవిగా నియమించింది. 1983 వరకు ఆ పదవిలో ఉన్నారు. యాత్రాస్మృతి అనే పేరుతో తన జీవితం తానే రాసుకున్నారు. ఆయన తమ్ముడు దాశరథి రంగాచార్య కూడా గొప్ప రచయిత. దొరల కాలంలో మన పల్లెలు ఎట్ల ఉండెనో చిల్లర దేవుళ్లు నవలలో రాశారు. నాలుగు వేదాలను తెలుగులోకి తెచ్చారు. 2015లో చనిపోయారు. ఒకే ఊరు, ఒకే ఇల్లు, ఇద్దరు అన్నదమ్ములు.

దాశరథి కృష్ణమాచార్యులు 1987 నవంబర్ 5న 62 ఏళ్ల వయసులో కన్నుమూశారు. తెలంగాణ వచ్చినంక 2015 నుంచి ఆయన పుట్టినరోజున ప్రభుత్వం ఆయన పేరు మీద కవులకు, రచయితలకు అవార్డు ఇస్తున్నది. 2025 జులై 22 నాటికి ఆయన పుట్టి నూరేళ్లు నిండినయి.

ఇక్కడితో జీవిత కథ అయిపోయింది. రికార్డు సంగతి చెప్తా అన్న కదా.

దసరాకు నేను పెట్టె సర్దుకొని ఇంటికి పోయిన. అప్పటికే రేడియోల ఆ పేరు విన్న. రాత్రి మంచాల మీద తాతకు చెప్పిన. చెట్టు బొమ్మ పాట, కుంకుమ బొట్టు పాట రాసింది చిన్నగూడూరు అయ్యగారింటి పిల్లగాడట అని. తాతకు ఇప్పుడు ఒక చెవి వినపడదు. బూర పక్కన నిలబడి నిలబడి పోయిందంటడు. రెండుసార్లు చెప్పించుకున్నడు. నమ్మలేదు. ఆ పాటలు నాగేశ్వరరావే కట్టుకొని పాడుకుంటడని, గోదారి పాట గోదారి వాళ్లే రాసి ఉంటరని ఇన్నేళ్లు అనుకున్నడట. తర్వాత లేచి కూసున్నడు. అదే ఊరి నడి బజార్ల, అదే పాట ఎన్నిసార్లు పెట్టిన్నో అన్నడు. ఇంకేం అనలేదు. చానాసేపు నిద్ర పోలేదు, బీడీ తాగుకుంట కూసున్నడు.

పొద్దున నన్ను పిలిచి చెట్టు బొమ్మ రికార్డు చేతిల పెట్టిండు. బడికి తీస్కపోయి అందరికి చూపియ్యి, ఆ అయ్య పేరు దీని మీద రాయి అన్నడు. తాత రాయమన్నడు కాబట్టి నేను మళ్ల బడికి రావలసి వచ్చింది. రానని అనుకున్న సంగతి ఆయనకు తెలియదు.

బస్సుల రికార్డును తువ్వాలల చుట్టి బట్టల పెట్టెల పెట్టిన. బస్సు నిండ జనం. ఎవరో నా పెట్టె మీద బియ్యం మూట పెట్టిండ్రు. నేను చూసిన గానీ సిగ్గుపడి తీయమని అడగలేదు. నోరు తెరిచి ఒక్క మాట అంటే అయిపోతుండె. హాస్టల్‌కు వచ్చి తీస్తే రికార్డు రెండు ముక్కలైంది. లక్క రికార్డు కదా, పలక లెక్క పలుగుతది. ఆ రాత్రి నాకు అన్నం పోలేదు. అరవై ఏళ్లు ఎడ్లబండ్ల మీద పగలని రికార్డు నా చేతిల నాలుగు గంటలల్ల పగిలింది.

వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. తర్వాత వార్డెన్ సార్ ఫోను అడుక్కొని తాతకు చెప్పిన. ఆయన కోపం చేయలేదు. ముక్కలు పారేయకు, పేరు రాసినవా అని అడిగిండు. రాయలేదని చెప్పిన. అయితే ముక్క మీదనే రాయి అన్నడు.

ఇప్పుడు ఈ షీటు కింద దారంతో కట్టి వేలాడుతున్నది ఆ రికార్డు సగం ముక్క. తెల్ల పెయింటుతో దాశరథి, చిన్నగూడూరు అని రాసింది నేనే. కాగితం మీద చెట్టు బొమ్మ తాత వేసింది. దయచేసి ఎవరూ గుంజకండి. వేలితో నెమ్మదిగా తాకితే గీతలు తెలుస్తయి. పలిగిన అంచు దగ్గర చూస్తే లోపలి సరుకు కనపడుతుంది. రెండో ముక్క మళ్ల సెలవులకు తాతకు ఇస్తా.

నాకు దీని వల్ల ఒక సంగతి తెలిసింది. తాత ఏండ్ల తరబడి ఊరూరికి పాటలు మోసిండు గానీ మా దాది పాడే తీజ్ పండుగ పాటలు మాత్రం ఏ రికార్డు మీదికీ ఎక్కలేదు. వాటికి రచన అని చెప్పే పేరు కూడా లేదు. వాటిని ఈ సెలవులల్ల తెలుగు అక్షరాలతో ఒక నోట్‌బుక్కుల రాసుకొని వస్తా. కోయ మిత్రులు కూడా వాళ్ల అమ్మమ్మల పాటలు రాసుకొని రావాలెనని కోరుతున్నాను. దాశరథి గారికి బొగ్గు ముక్క దొరికితేనే రాశారు. మనకు పెన్నులు ఉన్నయి.

చివరగా వార్డెన్ సార్లకు ఒక మనవి. వచ్చే జులై 22న మమ్మల్ని చిన్నగూడూరు తీసుకపోవాలె. బస్సు చార్జీలకు తలా కొంత వేసుకుంటం. అక్కడ నడి బజార్ల నిలబడి ఎవరైనా ఒకరు ఆయన పద్యం చదవాలె. ఎవరూ ముందుకు రాకపోతే నేను చదువుతా. కొన్ని అక్షరాలు ఇప్పటికీ తిరగవు. నవ్వితే నవ్వండి, నేను ఆగను.

తప్పులుంటే మన్నించండి.

ఇట్లు
మీ హాస్టల్ మిత్రుడు,
తొమ్మిదో తరగతి